సర్వర్ మూర్తిగారి పాఠాల్లో రెండో గొంతు

అమలాపురంలో సర్వర్ అనే మాటకు రెండర్థాలు. అనాదిగా ఉన్న అర్థం, హోటల్లో ఇడ్లీ తెచ్చి బల్ల మీద పెట్టే మనిషి. ఈమధ్య వచ్చిన అర్థం, ఎక్కడో ఒక గదిలో చల్లగా కూర్చుని ఎవరేది అడిగితే అది అందించే కంప్యూటరు. నిదానంగా ఆలోచిస్తే రెండూ చేసే పని ఒకటే. కానీ ఎర్రవంతెన దగ్గర ఒక మేడ మీద సత్యనారాయణమూర్తిగారు ‘మూర్తి సర్వర్ శిక్షణ, సలహా కేంద్రం’ అని బోర్డు కట్టించిన రోజున ఊరు మొదటి అర్థాన్నే పట్టుకుంది. కొత్తపేట నుంచి రాజేంద్ర అనే హోటలాయన స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. తన దగ్గరి సర్వర్లు సాంబారు గిన్నెలో బొటనవేలు ముంచి తెస్తున్నారనీ, ఆ అలవాటు మాన్పించడానికి ఎన్నాళ్ల శిక్షణ పడుతుందనీ అడిగాడు. మూర్తిగారు ఆయన చెప్పిందంతా ఆయ్, ఆయ్ అంటూ విన్నారు. విన్నాక గొంతు సవరించుకుని, ‘అయితే ఒక్క మాటండీ’ అని మొదలుపెట్టి, తాను నేర్పేది వేరే సర్వర్ల సంగతనీ, వాటికి వేళ్లుండవనీ మనవి చేసుకున్నారు. రాజేంద్ర నొచ్చుకోలేదు. కాఫీ తాగి, తన హోటల్ బిల్లుల కంప్యూటరు చూసిపెట్టడానికి ఒప్పించుకుని మరీ వెళ్లాడు. అలా కేంద్రానికి మొదటి ఖాతాదారు దొరికాడు. మూర్తిగారికి సర్వర్ మూర్తిగారు అనే బిరుదు దొరికింది.

ఆయ్ గురించి కోనసీమవారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మిగతా ప్రపంచం కోసం కొంత చెప్పాలి. ఆయ్ అంటే ఔనని అర్థమని చాలామంది అనుకుంటారు. అలా అనుకునేవారు ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుని ఉన్నట్టు లేదు. ఆయ్ అంటే, మీరు చెబుతున్నది నా చెవిన పడుతోంది, కానివ్వండి అని. ఒప్పుకోవడం, కాదనడం తరవాతి సంగతి. ఎదుటివారి మాట పూర్తయి, మర్యాదకు సరిపడా విరామం గడిచి, ‘అయితే ఒక్క మాటండీ’ అన్నాక గాని అసలు సమాధానం బయలుదేరదు. పైగా ఒక్కసారి అడిగితే అడిగినట్టు కాదు. కాఫీ తీసుకుంటారా అంటే మొదటిసారి వద్దనాలి, రెండోసారి మొహమాటపడాలి, ఆ తరవాత గ్లాసు అందుకోవాలి. పెళ్లి సంబంధమైనా, గట్టు తగాదా అయినా, మొదటిసారి అన్నది ప్రస్తావన. మళ్లీ అన్నప్పుడే అది ప్రశ్న. ఈ పద్ధతిలో ఇక్కడ కొన్ని తరాలు పెద్దగా నష్టపోకుండా బతికాయి.

మూర్తిగారిది వేదం చెప్పుకున్న ఇల్లు. ముత్తాతగారు ఘనాపాఠి, తాతగారు క్రమపాఠి, తండ్రిగారు హైస్కూల్లో సంస్కృతం మేస్టారు, తాను సర్వర్లని నడిపే లినక్సు. ఈ వరసలో దిగుడు కనిపిస్తోందని బంధువులు అనేవారు. మూర్తిగారు ఒప్పుకునేవారు కారు. వేదంలోనైనా సర్వర్లోనైనా అక్షరం తప్పితే ఫలితం ఒకటేనని ఆయన వాదన. చదువయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీలో చేరి, ఎక్కడో దూరదేశంలో ఉన్న సర్వర్లకు ఇక్కణ్నించి రాత్రిళ్లు కాపలా కాశారు. పగలు నిద్ర, రాత్రి ఉద్యోగం, మధ్యలో అజీర్తి. అలా కొన్నేళ్లు గడిచాక, ఇదే పని కాలవ గట్టున కూర్చుని కూడా చెయ్యవచ్చునని ఆయన భార్య లలితగారు కనిపెట్టారు. ఆవిడ పలివెల పిల్ల, బీకామ్ చదివింది. దంపతులకు పిల్లలు లేరు. సామాను లారీకెక్కించి అమలాపురం వచ్చేశారు.

వచ్చాక పనికి లోటు లేకపోయింది. నర్సింగ్ హోములో రోగుల వివరాలు తెరుచుకోకపోయినా, మామిడికుదురు వైపు రొయ్యల మేత గోడౌన్లో లెక్కలు మొరాయించినా, కాలేజీలో ఫలితాల రోజున వెబ్‌సైటు స్పృహ తప్పినా మూర్తిగారికి కబురొచ్చేది. ఆయన స్కూటరు మీద వెళ్లి, ముందు అక్కడున్న అందరి ఆరోగ్యాలూ అడిగి, ఆ తరవాత యంత్రం ఆరోగ్యం అడిగేవారు. యంత్రం సూటిగా చెప్పేది. మనుషుల దగ్గరే ఆలస్యమయ్యేది.

శిక్షణ మాత్రం పాత పద్ధతిలోనే. ఆయన ఒకసారి కమాండు చెప్పాలి, పిల్లలు రెండుసార్లు అనాలి. వేదం సంత చెప్పుకున్నట్టే. నోటికి పూర్తిగా వచ్చాక గాని కీబోర్డు ముట్టనిచ్చేవారు కారు. కింద మందుల షాపువారు మొదట్లో మేడ మీద ఏదో కొత్త మతం వెలిసిందనుకున్నారు. రాజోలు నుంచి వచ్చిన శారోన్ అనే అమ్మాయి ఈ సంతలో అందరికంటే గట్టిగా పలికి, నేర్చుకున్నాక అక్కడే కొత్తవాళ్లకు చెప్పడానికి ఉండిపోయింది. అంతర్వేది వైపు చేపలవేట ఇంట్లోంచి వచ్చిన గంగబాబు అందరికంటే మెల్లిగా పలికేవాడు. ఉత్తినే పెదాలు కదుపుతున్నాడని మూర్తిగారి అనుమానం.

రెండు యంత్రాలు మాట్లాడుకునే తీరు వివరించేటప్పుడు ఊరి భాష ఆయనకు బాగా అక్కరకొచ్చేది. ఇటునుంచి ఒకటి పంపింది, అటునుంచి అందింది అని కబురొచ్చింది, అంటే ఒప్పుకున్నట్టా అని అడిగేవారు. పిల్లలు ఔననేవారు. “కాదండి. అది ఆయ్ అంది, అంతే. అందింది అనడం వేరు, సరే అనడం వేరు. రెండూ ఒకటే అనుకున్నవాడు ఎప్పుడో కొంప ముంచుతాడు.” పిల్లలు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు.

మేడ మెట్లెక్కి రాలేనివాళ్ల కోసం పాఠాలు వీడియోలు తీసి ఊరికే చూడనివ్వాలన్నది లలితగారి ఆలోచన. తెలుగులో సర్వర్ పాఠాలు లేవు. ఉన్నవి తెలుగు క్రియాపదాలు తగిలించిన ఇంగ్లీషు. సరేనని మూర్తిగారు కెమెరా ఎదుట కూర్చుని, సంతాపసభ అధ్యక్షుడిలా మొదటి పాఠం చెప్పారు. తానే చూసుకుని తానే భయపడ్డారు. ఎదురుగా వినేవాళ్లు లేకపోతే ఆయనకు మాట నడవదు. అప్పుడు లలితగారు కెమెరా వెనక పీట వేసుకుని, ఒళ్లో చేట పెట్టుకుని, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చున్నారు. ఆయన ఒక వాక్యం చెప్పారు. ఆవిడ ఆయ్ అన్నారు. పాఠం నడిచింది.

ఆ తరవాత ప్రతి పాఠమూ అలాగే తయారైంది. లలితగారి ఆయ్ ఒకటే రకంగా ఉండేది కాదు. అర్థమైతే పొట్టిగా, అనుమానముంటే సాగదీసి, బొత్తిగా అర్థం కాకపోతే గొంతు దించి పలికేవారు. గొంతు దిగినప్పుడల్లా మూర్తిగారు ఆగి అదే సంగతి ఇంకో రకంగా చెప్పేవారు. అప్పటికీ కుదరకపోతే చేట పక్కన పెట్టిన చప్పుడు, వెనకే ఒక ప్రశ్న. అన్ని తలుపులూ తీసే తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే, ఆ ఒక్కరికీ జ్వరమొస్తే ఏం చేస్తారండి? దానికి సమాధానం చెప్పడానికి మూర్తిగారికి ఇంకో పాఠం పట్టింది. కర్నూలు నుంచీ ఖమ్మం నుంచీ పిల్లలు రాసేవారు. సార్ చెప్పింది సగం అర్థమైందనీ, అమ్మగారు ఆయ్ అన్నాక మిగతా సగం అర్థమైందనీ.

జ్వరం తాళంచెవి ఉన్నవారికి కాదు, అడిగినావిడకే వచ్చింది. జ్వరమనుకున్నది జ్వరం కాదని కాకినాడ ఆసుపత్రిలో చెప్పారు. అదేమిటో చెప్పిన గదిలోనే, అదే కుర్చీలో కూర్చోబెట్టి, చెయ్యగలిగింది పెద్దగా లేదని కూడా చెప్పారు. మూర్తిగారు డాక్టరు మాటలన్నీ ఆయ్, ఆయ్ అంటూ విన్నారు. చివర గొంతు సవరించుకుని ‘అయితే ఒక్క మాటండీ’ అన్నారు గాని, ఆ ఒక్క మాట ఏమిటో ఆయనకు దొరకలేదు. మామిడి పూతకొచ్చేసరికి లలితగారు లేరు.

కొన్నాళ్లాగి మూర్తిగారు మళ్లీ కెమెరా పెట్టారు. ఈసారి పీట మీద శారోన్ కూర్చుంది. ఆయన ఒక వాక్యం చెప్పారు. శారోన్ ఆయ్ అంది. మంచి ఆయ్, రాజోలు ఆయ్, వంక పెట్టడానికి లేదు. కానీ అది అంతా తెలిసినవాళ్ల ఆయ్. ఎక్కడా గొంతు దిగదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్లీ చెప్పాలో తెలియక ఆయన పాఠం మొత్తం గబగబా ముగించేసి కెమెరా కట్టేశారు. శారోన్ పీట తీసి గోడకు చేర్చింది. ఆ తరవాత కొత్త పాఠం రాలేదు.

పాత పాఠాలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా చూసింది పలివెలలో ఉండే కామేశ్వరమ్మగారు. ఆవిడ లలితగారి తల్లి. భర్త వేదపండితుడు, పోయి చాలాకాలమైంది. ఆవిడది అల్లుడి ఎదటికి రాకుండా తలుపు రెక్క వెనక నిలబడి మాట్లాడే తరం. కూతురు కొనిచ్చిన టాబ్లెట్టులో రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక సర్వర్ పాఠం పెట్టుకునేవారు. సర్వర్ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. అల్లుడు ఏదో చెబుతాడు. కూతురు ఆయ్ అంటుంది. ఆవిడ వింటారు. చివరి పాఠం అయిపోతే మళ్లీ మొదటి నుంచి. ఏ మాట తరవాత అమ్మాయి పలుకుతుందో ఆవిడకు నోటికొచ్చేసింది.

వినగా వినగా కొన్ని పేర్లు కూడా పరిచయమయ్యాయి. సర్వర్లో అన్ని అధికారాలూ ఉన్న ఖాతాను రూట్ అంటారు. కామేశ్వరమ్మగారు అదెవరో పెద్దమనిషి అనుకున్నారు. “రూట్ గారు ఒప్పుకుంటే గాని ఏదీ జరగదన్నమాటండి. మనిషి మంచివారేనాండి?” అని ఒకరోజు ఫోనులో అడిగారు. మంచివారేననీ, కాకపోతే అస్తమానం ఆయన్ని పిలవకూడదనీ మూర్తిగారు చెప్పారు. భార్య పోయాక ఆయనకు నవ్వు రావడం అదే మొదలు. ఫోను పెట్టి, ఆ సంగతి చెబుదామని వంటింటి వైపు తిరిగారు.

కాపీల విషయంలో మూర్తిగారి సిద్ధాంతం కఠినమైనది. ఏదైనా సరే మూడు కాపీలుండాలి, ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. అసలు పాఠాలు అమలాపురంలో ఆయన సొంత సర్వర్లో ఉండేవి. రెండో కాపీ పలివెలలో, అత్తగారి దేవుడి గది పక్కన గూట్లో పెట్టిన చిన్న యంత్రంలో ఉండేది. తుపానుకి అమలాపురం మునిగినా పలివెల మిగులుతుందని ఏర్పాటు. ఆ యంత్రం ప్రతిరాత్రీ అమలాపురం సర్వర్ని చూసి, అక్కడ ఎలా ఉంటే తనూ అలాగే మారిపోయేది. కామేశ్వరమ్మగారు దాన్ని రోజూ పొడిగుడ్డతో తుడిచి, దసరాకి బొట్టు పెట్టేవారు. మూడోది విడిగా తీసి బీరువాలో దాచిన డిస్కు. లలితగారు ఆసుపత్రిలో ఉండగా ఉప్పుగాలికి అది పాడైపోయింది. కొత్తది కొనాలని మూర్తిగారు అనుకున్నారు. ఆ రోజుల్లో ఆయన చాలా అనుకున్నారు.

ఇలా ఉండగా హైదరాబాదు నుంచి ఒక శిక్షణ సంస్థవారు రాశారు. పాఠాల్లో శబ్దం శుభ్రం చేసి, కింద అక్షరాలు వేసి, ఎక్కువమందికి చేరేటట్టు చేస్తామన్నారు. పాఠాలు నాలుగూళ్లకూ వెళ్లాలన్నది లలితగారి కోరికే కాబట్టి మూర్తిగారు సరేనని వాళ్లకు తన సర్వర్లోకి దారి ఇచ్చారు. ఆ పని తేజ అనే కుర్రాడు చూసేవాడు. మంచివాడు, చురుకైనవాడు. ఫోను ఎంత తొందరగా పెట్టేస్తే అవతలివాళ్లకు అంత మేలు చేసినట్టని నమ్మేవాడు. ఒకరోజు పొద్దున్నే చేశాడు.

“సార్, పాఠాల్లో కెమెరా వెనకనుంచి ఒక లేడీ వాయిస్ వస్తోంది సార్, మాటమాటకీ.”

“ఆయ్.”

“డిస్టర్బెన్స్‌లా ఉంది. మా సాఫ్ట్‌వేర్లో తీసేస్తే నీట్‌గా వస్తుంది.”

“ఆయ్.”

“కొత్త ఫైళ్లు పాతవాటి పేరుతోనే, పాతవాటి ప్లేస్‌లోనే పెట్టేస్తాం సార్. లింకులు మార్చే పని మీకుండదు.”

“ఆయ్.”

“థాంక్యూ సార్. తొందరగా చేసేస్తాం.”

ఫోను పెట్టేశాడు. మూర్తిగారు అప్పటికింకా గొంతు సవరించుకుంటున్నారు.

తిరిగి ఫోను చేసి వద్దని చెప్పవచ్చు. ఆ ఆలోచన ఆయనకు రాకపోలేదు. కానీ ఒక్కసారి ప్రస్తావించినదానికే అంత గట్టిగా అడ్డం తిరిగితే కుర్రాడు చిన్నబుచ్చుకుంటాడు. అదీగాక ఇంత పెద్ద పని మళ్లీ అడగకుండా ఎవరైనా చేస్తారా? మళ్లీ అడిగినప్పుడు, ఆ గొంతు మా ఆవిడదండీ, ఉండనివ్వండి అని మెత్తగా చెబుదామని మాట కూడా సిద్ధం చేసుకున్నారు. శారోన్‌కి చెబితే ఆ అమ్మాయి, “ఇప్పుడే చెప్పెయ్యండి సార్, ఆళ్లు మనలాగ కాదండి” అంది. మూర్తిగారు ఆయ్ అన్నారు.

మళ్లీ ఎవరూ అడగలేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఫోను చేసింది కామేశ్వరమ్మగారు. పనిలో ఉన్నారేమోనని మొహమాటపడ్డారు. భోజనమైందా అన్నారు. అమలాపురంలో వాన పడిందా అన్నారు. ఇంటి ముందు గుమ్మడిపాదు పిందె వేసిందన్నారు. మూర్తిగారు అన్నిటికీ ఆయ్ అన్నారు.

“ఏం లేదండి అల్లుడుగారూ. ఇవాళ అమ్మాయి పలకట్లేదండి.”

ఆయన దానికీ ఆయ్ అన్నారు. అలవాటు.

“టాబ్లెట్టు పాడైందేమో అనుకున్నానండి. మీ మాట మటుకు బాగానే వస్తోందండి. తను పలికే చోటికి వచ్చేసరికి మీరు ఆగకుండా వెళ్లిపోతున్నారండి.”

చూస్తానండి అత్తయ్యగారూ అని ఫోను పెట్టి మూర్తిగారు మొదటి పాఠం తెరిచారు. తరవాత ఇంకొకటి, ఆ తరవాత మధ్యలోది, చివరిది. వాళ్లు గొంతు తీసెయ్యడంతో ఆగలేదు. అది ఉన్న ఖాళీ కూడా కత్తిరించి రెండు కొసలూ అతికించారు. పనితనం బాగుంది. అతుకు ఎక్కడా తెలియడం లేదు. లోపల వాక్యం వెనక వాక్యం తరుముకొస్తూ ఒక మనిషి మాట్లాడుతున్నాడు. అతనికి ఎవరూ అక్కర్లేనట్టుంది.

పలివెల యంత్రం కూడా తన ధర్మం తాను నిర్వర్తించింది. అమలాపురంలో పాఠాలు మారాయి కాబట్టి, కామేశ్వరమ్మగారు పడుకునే గదికి గోడ అవతల, చప్పుడు చెయ్యకుండా పాతవి తీసేసి కొత్తవి పెట్టుకుంది. ప్రతిరాత్రీ మారిపోయే కాపీ అద్దం లాంటిదనీ, అద్దం చూపిస్తుంది గాని దాచిపెట్టదనీ మూర్తిగారి పాఠం ఒకటి ఉంది. ఆ పాఠం ఇప్పుడు చాలా స్పష్టంగా వినిపిస్తోంది. వెనక ఏ చప్పుడూ లేదు.

తేజకు ఫోను చేశారు. పని ముగిశాక పాత ఫైళ్లు తుడిచెయ్యడం సంస్థ నియమమని అతను చెప్పాడు. మీరు ప్రతి పాయింటుకీ ఔనన్నారు కదా సార్ అని, కావలిస్తే వినండని, రికార్డయి ఉన్న ఆనాటి సంభాషణ వినిపించాడు. మూర్తిగారి ఆయ్‌లు భద్రంగా ఉన్నాయి, ఒక్కటీ చెడలేదు. విన్నవాళ్లెవరైనా ఔననే అనుకుంటారని ఆయనకే అనిపించింది.

“ఇంతకీ ఆ వాయిస్ ఎవరిది సార్?”

“మా ఆవిడదండి.”

“అయ్యో, సారీ సార్. ఒక పని చేద్దాం, మేడంని కూర్చోబెట్టి మళ్లీ రికార్డ్ చేసుకుందామా?”

“కుదరదండి.”

మూర్తిగారు ఎవరికైనా ఇంత సూటిగా, ఒక్క మాటలో, గొంతు సవరించుకోకుండా కాదని చెప్పడం ఆయన జీవితంలో అదే ప్రథమం. చెప్పవలసిన సమయం దాటిపోయాక చెప్పారు.

ఆయనా శారోనూ కలిసి డిస్కుల అడుగుదాకా గాలించారు. తుడిచినచోట కొత్తవి వచ్చి కూర్చున్నాక పాతవి తేవడం కష్టమని ఇద్దరికీ తెలుసు. ఒకరికి తెలుసని ఇంకొకరికి చెప్పుకోకుండా వెతికారు. దొరికినవి ముక్కలు. ఒకదాంట్లో సగం బొమ్మ ఉంది, మాట లేదు. అప్పుడు శారోన్ పాత విద్యార్థులందరికీ కబురు పెట్టింది. శిష్యులు ఊరూరి నుంచీ విచారం వెలిబుచ్చారు. ఒక్కరి దగ్గరా కాపీ లేదు. పాఠాలు సొంత ఫోన్లలో అక్కడోటీ ఇక్కడోటీ దించుకుని చెల్లాచెదరు చెయ్యవద్దని మూర్తిగారే గట్టిగా చెప్పి ఉన్నారు. ఆయన చెప్పినవాటిలో చాలా మరిచిపోయారు గాని, ఆ ఒక్కటీ అందరూ పాటించారు.

పాటించనివాడు గంగబాబు. ఇప్పుడు సముద్రం దగ్గర రొయ్యల చెరువుల మీద, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. రెండు రోజులు భయపడి, చివరికి ఫోను చేశాడు.

“తిట్టనంటే ఓ మాటండి మేస్టారూ. చెరువుల కాడ సిగ్నల్ ఉండదని, మీరు వద్దన్నా కొన్ని దించేసుకున్నానండి. ఫోను నీళ్లలో పడ్డప్పుడు అన్నీ పోయినాయండి. ఒక్కటి మటుకు మెమరీ కార్డులో ఉండిపోయిందండి. అమ్మగారు పలుకుతున్నారండి అందులో.”

ఎంతసేపటికీ మూర్తిగారి ఆయ్ వినపడకపోయేసరికి, ఉన్నారాండి అని గంగబాబు అడగవలసి వచ్చింది.

గంగబాబు పంపిన ఆ పాఠం ఆయన ఒంటరిగా వినలేదు. మర్నాడు స్కూటరు తీసుకుని పలివెల వెళ్లారు. కామేశ్వరమ్మగారు తలుపు వెనక నుంచి కాఫీ తీసుకుంటారా అని అడిగారు. ఆయన మొదటిసారికే తీసుకుంటానండి అన్నారు. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది. ఏదో జరగరానిది జరిగిందని ఆవిడకు అప్పుడే తెలిసిపోయి ఉండాలి.

గ్లాసు ఖాళీ చేశాక ఆయన చెప్పారు. “అమ్మాయి గొంతు పాఠాల్లోంచి తీసేసేరండి. నన్నడిగే తీసేసేరు. నేను ఆయ్ అన్నానండి. ఒక్క పాఠం మిగిలింది.”

కామేశ్వరమ్మగారు తలుపు వెనక నుంచి ఇవతలికి వచ్చి, అల్లుడి ఎదురుగా కింద కూర్చున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అత్తగారి మొహం అంత దగ్గరగా చూడలేదు. లలితగారి కళ్లు ఎవరివో ఆయనకు ఆ రోజు తెలిసింది. ఆవిడ, పెట్టండి అన్నారు.

ఉద్యోగం మాని వెళ్లిపోయిన మనిషి ఖాతాను సర్వర్లో ఏం చెయ్యాలన్నది ఆ పాఠం. వెంటనే తుడిచెయ్యకూడదనీ, ముందు తాళం వెయ్యాలనీ పాఠంలో మూర్తిగారు చెబుతున్నారు. పొట్టి ఆయ్. ఖాతా తీసేసినా ఆ మనిషి దాచుకున్న ఫైళ్లు పోవనీ, ఎక్కడివక్కడే ఉంటాయనీ, యజమాని పేరు ఉండవలసిన చోట మాత్రం ఒక నంబరు మిగులుతుందనీ చెబుతున్నారు. ఈసారి ఆయ్ సాగింది. గొంతు దిగింది. చేట పక్కన పెట్టిన చప్పుడు. “మరి ఆ ఫైళ్లని ఎవరు చూసుకుంటారండి?” దానికి చాలా చెప్పాలి, ఇంకో పాఠంలో చెబుతానన్నారు పాఠంలోని మూర్తిగారు, అప్పటికి టైము చాలా ఉన్న మనిషిలా. ఆయ్ అంది లలితగారి గొంతు. అక్కడితో అయిపోయింది.

మళ్లీ పెట్టమన్నారు కామేశ్వరమ్మగారు. మళ్లీ విన్నారు. తరవాత కొంగుతో టాబ్లెట్టు అద్దం తుడుస్తూ అన్నారు.

“వారు వేదం చెప్పేటప్పుడూ అంతేనండి. స్వరం వినేదాన్ని గాని అర్థం ఎప్పుడూ అడగలేదు. ఇదీ అలాగే విన్నానండి ఇన్నాళ్లూ. ఒక్కటే మిగిలింది కదండీ, తను దేనికి పలుకుతోందో చెప్పండి.”

మూర్తిగారు చెప్పారు. ఖాతా అంటే ఏమిటో, దానికి తాళం వెయ్యడమంటే ఏమిటో, పేరు పోయి నంబరు మిగలడమంటే ఏమిటో చెప్పారు. వీధిలో కొబ్బరికాయల ట్రాక్టరు వెళుతుంటే ఆగి, అది వెళ్లాక మళ్లీ చెప్పారు. అంతా విన్నాక ఆవిడ, అమ్మాయి అడిగినదానికి సమాధానం చెబుతానన్న ఆ ఇంకో పాఠం ఉందా అని అడిగారు.

“ఉందండి. అందులో నేనొక్కణ్నే మాట్లాడతానండి ఇప్పుడు.”

“అదీ పెట్టండి.”

పెట్టారు. నీట్‌గా ఉంది. కింద అక్షరాలు కూడా వస్తున్నాయి. తరుముకొస్తున్న ఆ గొంతు ఒకటి రెండు వాక్యాలు చెప్పిందో లేదో, కామేశ్వరమ్మగారు చెయ్యెత్తి, ఇక్కడండి అన్నారు. మూర్తిగారు వేలితో ఆపారు. ఇద్దరూ ఊరుకున్నారు. ఒక మనిషి పలకడానికి పట్టేంతసేపు ఊరుకుని, ఆవిడ తలూపాక ఆయన మళ్లీ నడిపారు. ఇంకాస్త దూరం వెళ్లాక ఆవిడ చెయ్యి మళ్లీ లేచింది. అక్కడా ఆపారు. పోయినవాటిలో ఆ ఖాళీలు తిరిగి తేవడం వరకే ఆయన చేతనైంది. పాఠం పెద్దది. ఆవిడ చెప్పిన చోటల్లా ఆపుకుంటూ, ఇద్దరూ దాన్ని చివరిదాకా విన్నారు.